మూడు గంటల దూరం

దుబాయిల దశరథం పనిచేసే కంపెనీకి ఇంటి నుంచి టెలిగ్రాం మంగళవారం పొద్దుగాల్నే వచ్చింది. ఆ తారు అతని చేతికి అందేసరికి పగటాల మూడు కొట్టింది. మూడో అంతస్తుల గోడ కడుతున్న మనిషిని కిందికి పిలిచి, కాయితం చేతుల పెట్టి ఫోర్‌మన్ తన దారిన తను పోయిండు. కాయితం మీద ఇంగ్లీషున్నది. దశరథానికి తెలుగే అంతంతమాత్రం. పక్కన సిమెంటు కలుపుతున్న కొమురెల్లి సుల్తానాబాద్ దిక్కోడు, ఎనిమిది దాక చదివిండు. చేతులు అంగీకి తుడుచుకొని కాయితం అందుకున్నడు.

"బాలవ్వ సీరియస్. ఎంటనే రా. సాంబయ్య," అని చదివి, దశరథం మొఖం దిక్కు చూసిండు. "మీ ఇంటామెనే గదనే?"

బాలవ్వ నిండు నెలల మనిషి. పెండ్లయిన ఆరేండ్లకు నిలిచిన కడుపు. శ్రావణంల కాన్పయితదని పోయిన ఉత్తరంల రాయించింది. సాంబయ్య ఆమె తమ్ముడు, అదే ఊర్లె నాలుగిండ్ల అవతల ఉంటడు. వానల చెన్నూరు దాక నడిచిపోయి తారిచ్చిండంటే ఊరికెనే ఇయ్యడు. దశరథం తాపీ ఆడనే పారేసి, కాళ్లకున్న సిమెంటు కూడ కడుక్కోకుండ ఆఫీసుకు ఉరికిండు.

మేనేజరు తారును రెండుసార్లు చదివిండు. కోపం చేయలే. అల్మారిల నుంచి ఒక ఫైలు తీసి, దాంట్లున్న ఇంకో తారును దీని పక్కన పెట్టిండు.

"దశరథ్, పోయిన నవంబర్‌ల మీ అమ్మ చనిపోయిందని గిది వచ్చింది. నేనే సంతకం పెట్టి నెల రోజులు పంపిన. ఇప్పుడు భార్యనా? వచ్చే ఏడు ఎవరు?"

మొదటి తారు అబద్ధం.

మూడేండ్లు సెలవు లేకుండ చేసిండు దశరథం. అడిగినప్పుడల్ల పని ఒత్తిడున్నది, తర్వాత చూద్దామన్నరు. క్యాంపుల చానమంది చేసే పనే అతనూ చేసిండు. ఇంటికి ఉత్తరం రాయించిండు, ఎవరో ఒకరు పోయిన్రని తారియ్యిన్రి అని. ఎవరి పేరు పెట్టాల్నని ఇంట్ల తర్జనభర్జన పడుతుంటే అతని తల్లి బుచ్చవ్వనే నవ్వుకుంట అన్నదట, "నా పేరే పెట్టిన్రి. నేను సచ్చిన్నంటే నా కొడుకొస్తడంటే నాకేం తక్కువయితది?" అని. కొడుకు వాకిట్ల అడుగు పెట్టిననాడు దిష్టి తీసింది ఆమెనే.

ఆ నెల రోజులు వరికోతలు. కల్లంకాడ వడ్లు తూర్పారబట్టుకుంట బాలవ్వ అడిగింది.

"గంత దూరంకెళ్లి ఎట్లొచ్చినవ్?"

"దూరమేడిది? దుబాయిల ఎక్కుడు, బొంబాయిల దిగుడు. మూడు గంటలు. ఈడికెళ్లి చెన్నూరుకు నడిచి, బస్సెక్కి మంచిర్యాలల దిగనీకి నీకు గంతసేపే పడ్తది."

"అబద్ధం."

"నీ మీద ఒట్టు. పందొమ్మిది వందల కిలోమీటర్లట. ఇమానంల పిల్ల మైకుల చెప్పింది. అన్నం తిని చేతులు కడుక్కునేసరికి బొంబాయి."

బాలవ్వ చేతులున్న చాట ఆగింది. "అయితె నాకేమన్న అయి, పిలిస్తె వస్తవా?"

"పొద్దుగాల్ల పిలువు. మాపటికల్ల నీ ముంగట ఉంట."

అన్నప్పుడు అతనికి జర గర్వమనిపించింది. బొంబాయికెళ్లి రైల్ల పట్టే రెండు రోజుల సంగతి చెప్పలే. పాస్‌పోర్టు కంపెనీ తిజోరిల ఉంటదని చెప్పలే. ఎండపూట, వడ్లకుప్ప పక్కన, పెండ్లాం తన దిక్కు గట్ల కండ్లింతలు చేసుకొని చూస్తుంటే అవన్ని చెప్పబుద్ధి గాలే.

ఆ నెలలనే కడుపు నిలిచింది.

"సార్, మా అవ్వ సావలే," అన్నడు దశరథం మేనేజరు ముంగట. "గది అబద్ధం. తప్పయింది, కాళ్లు మొక్కుత. గని గిది నిజం."

మేనేజరు రెండు తార్లను ఫైల్ల పెట్టిండు. ఆయన మొఖంల కోపం కంటే అలసట ఎక్కువ కనబడ్డది. "మొదటిది అబద్ధమని నువ్వే చెప్తివి. ఇగ నేను దేన్ని నమ్మాలె? ఇంకో తారు తెప్పియ్యి. డాక్టరు పేరుండాలె. వచ్చిన రోజే పంపిస్త."

దశరథం పోస్టాఫీసుకు పోయి డాక్టరు పేరుతోటి తారు పంపుమని సాంబయ్యకు తారు కొట్టించిండు. బుధవారం జవాబు రాలే. బేస్తారం రాలే. గోడ మీద ఇటుక పెట్టిన చెయ్యి అట్లనే ఉండిపోయేది, మళ్ల ఎవరన్న పిలిస్తె కదిలేది. జవాబు రాలేదంటే బాలవ్వ నిమ్మలంగుండి ఉంటదని కొమురెల్లి ధైర్యం చెప్పిండు. దశరథానికి ఆ మాట మీద కొంచెం ఆశ పుట్టింది గూడ.

బేస్తారం సాయంత్రం కొమురెల్లి రేడియో పట్టుకొని ఉరికొచ్చిండు. గోదావరి పొంగిందట. మంచిర్యాల, చెన్నూరు దిక్కు ఊర్లకు ఊర్లే నీళ్లల్ల ఉన్నయట. తారు తీగలు తెగినయట.

"జవాబు ఇగ రాదే అన్న," అన్నడు కొమురెల్లి. "నడు."

క్యాంపుల ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మనుషులు నలభై మంది దాక మేనేజరు క్వార్టరు ముంగట పోయి నిలబడ్డరు. ఎవరూ లొల్లి చేయలే. ఊకె నిలబడ్డరు. మేనేజరు బయటికొచ్చి, రేడియో విని, నొసలు రుద్దుకొని, "నేను గూడ మనిషినే. పో," అన్నడు. తెల్లారితె శుక్రవారం, ఆఫీసు బంద్. పాస్‌పోర్టు శనివారం పగటికి చేతికొచ్చింది. ఇమానంల సీటు ఆ సాయంత్రం దొరికింది.

ఆ ఇమానం సరిగ్గ మూడు గంటల్లనే బొంబాయిల దిగింది. దశరథం కిటికి పక్కన కూసున్నడు. ముందట పెట్టిన తిండి ముట్టలే. పక్కాయన తన పెండ్లికి పోతున్నడట, టేపురికార్డరు ఒళ్లె పెట్టుకొని పిల్ల ఫోటో చూపిచ్చిండు. మంచిగున్నదన్నడు దశరథం. బయట మబ్బులు మెత్తగ, కదలకుండ ఉన్నయి. గీ మూడు గంటలు మంగళవారమే అయిపోవాల్సింది గదా అనుకున్నడు. తను అబద్ధమాడకుంటె, మేనేజరు మంగళవారమే సంతకం పెడుతుండె. మంగళవారానికి గోదావరి ఇంక నిండలే. ఈ లెక్క ఒక్కసారి మనసుల పడ్డంక మళ్ల బయటికి పోలే.

బొంబాయిల హైదరాబాద్ ఇమానానికి సీటు లేదన్నరు. రైలెక్కిండు. వాడి జంక్షన్ల నాలుగు గంటలు ఆపిన్రు. కాజీపేటల మంచిర్యాల దిక్కు పోయే బండ్లన్ని ఆగి ఉన్నయి, పట్టాల మీదికి నీళ్లొచ్చినయని. ఆ రాత్రంత ప్లాట్‌ఫారం మీదనే కూసున్నడు. పక్కపొంటి ఏ బండి కదిలినా లేచి నిలబడేది. సోమవారం మాపటికి ఒక బండి మెల్లగ, మనిషి నడిచినట్టు నడుచుకుంట మంచిర్యాల చేరింది. మంగళవారం పొద్దుగాల్ల బొగ్గు లారీల కొంత దూరం పోయి, ఆడికెళ్లి బురదల నడిచి, పగటాల్లకు తన ఊరి ముంగటి వాగుకాడికి వచ్చిండు.

వాగు కనబడలే. ఎండకాలం గొర్లు దాటే వాగు. గోదావరి ఎనుకకు నూకిన నీళ్లతోటి రెండు ఫర్లాంగుల ఎర్రటి మడుగై ఉన్నది. అవతల గడ్డ మీద ఊరు కనబడుతున్నది. తాటిచెట్లు కనబడుతున్నయి. తన ఇంటి పెంకుల కప్పు సుత కనబడుతున్నది.

ఇవతల ఒడ్డున గొంగడి కప్పుకొని ఒకాయన కూసున్నడు. అదే ఊరి హనుమండ్లు. ఎడ్లు కొననీకి చెన్నూరుకు పోయి, ఆరు రోజులసంది ఈడనే చిక్కిండు. దశరథాన్ని చూసి లేచి చెయ్యి పట్టుకున్నడు.

"ఆడపిల్ల పుట్టింది బిడ్డా. పిల్ల మంచిగనే ఉన్నది. బాలవ్వకే, కానుపైన మూడోనాటికెల్లి జరం. మొదాలు ఆర్ఎంపీ వచ్చి సూదిచ్చిండట, మంచిర్యాల పెద్ద దవఖానకు తోల్కపొమ్మన్నడట. బండి కట్టేసరికి నీళ్లొచ్చినయి. మొదటి నాడు వాగు గింత లేకుండె, సాంబయ్య అవతలికెల్లి అరిచి చెప్పిండు."

"ఇప్పుడెట్లున్నది?"

"నిన్నటికి పానంతోటే ఉన్నది. సాంబయ్య రోజు గీ యాళ్లకు ఒడ్డుకొచ్చి, ఉన్నదని చేతులు లేపుతడు. మాట ఇనబడదు."

పడవ ఉండేది ఒకటే, అది ఎన్నడో కొట్టుకపోయింది. సర్కారు పడవలు పెద్ద ఊర్ల దిక్కు తిరుగుతున్నయట. దశరథం ఒడ్డుపొంటి ఒక మైలు మీదికి, ఒక మైలు కిందికి నడిచి చూసిండు. ఏడా సందు లేదు.

జర సేపటికి అవతల సాంబయ్య వచ్చిండు. ఇవతల కొత్త మనిషి నిలబడ్డది చూసి ముందుకొచ్చి, నడుముల్లోతు నీళ్లల్ల దిగి చూసిండు. గుర్తుపట్టి రెండు చేతులు ఊపిండు. దశరథం గొంతు చించుకొని అరిచిండు, "ఎట్లున్నదిరా?" అని. సాంబయ్య గూడ ఏందో అరిచిండు. నడుమ నీళ్ల హోరు అన్ని మింగింది. సాంబయ్య ఎనుకకు ఊర్లెకు ఉరికి, కొద్దిసేపటికి చేతులల్ల మూటతోటి వచ్చిండు. మూటను తల మీదికి లేపి చూపిచ్చిండు. అది తన బిడ్డ అని దశరథానికి సమజైంది. మొఖం కనబడలే. తెల్లబట్ట ఒక్కటే కనబడ్డది.

ఆ పొద్దు, మరునాడు పొద్దుగాల అతను ఒడ్డు ఇడిచిపోలే. హనుమండ్లు ఏడికెల్లో రొట్టె తెచ్చి పెడితె చేతుల పట్టుకొని కూసున్నడు. నీళ్లల్ల ఒక కట్టె పాతి, నీళ్లు తగ్గుతున్నయా అని చూసిండు. జానెడు తగ్గినయి. మళ్ల మీద వానొచ్చి బెత్తెడు పెరిగినయి.

బుధవారం పగటాల అవతలి గడ్డ మీద మనుషులు కనబడ్డరు. ఇరవై మంది దాక ఉంటరు. ఊర్లెకెల్లి వచ్చి, దక్షిణం దిక్కు పొలిమేర గుట్టకు మలిగిన్రు. నలుగురి భుజాల మీద పాడె ఉన్నది. ఎనుక ఒక ముసలామె పడుకుంట లేసుకుంట నడుస్తున్నది. నడక చూసి తన తల్లి అని గుర్తుపట్టిండు దశరథం.

హనుమండ్లు గొంగడి మొఖం మీదికి లాక్కున్నడు.

దశరథం చెప్పులిడిచి నీళ్లల్ల నడిచిండు. మోకాళ్లు, నడుము, రొమ్ము. తర్వాత కాళ్ల కింద నేల లేకపాయె. నీళ్లు అతన్ని పక్కకు గుంజి, యాభై గజాల అవతల ఒక తుమ్మచెట్టు కొమ్మలకు కొట్టినయి. హనుమండ్లు, ఒడ్డున చిక్కిన ఇంకిద్దరు ఎడ్ల పగ్గాలు ఇసిరి ఒడ్డుకు గుంజిన్రు. ఒళ్లంత ముండ్లు. నోట్లె బురద. తల లేపి చూసేసరికి గుట్ట మీద మనుషులు వంగి బొంద పూడుస్తున్నరు. పిడికెడు మన్ను ఎయ్యాల్సినోడు ఇవతల పడి ఉన్నడు.

శుక్రవారానికి నీళ్లు తగ్గినయి. పగ్గం పట్టుకొని రొమ్ములోతు నీళ్లల్ల ఊర్లెకు పోయిండు. బుచ్చవ్వ ఆకిట్ల కూసోని ఉన్నది. కొడుకును చూసి లేవలే.

"నేను సచ్చిన్నని తారిచ్చిన్రు గదా కొడుకా," అన్నది. "నిజంగనే సావకపోతి. నా రాత నేనే దాని మీదికి నూకిన."

ఆమెను పట్టుకొని ఏడువాల్నని వంగిండు గని, ఏడుపు రాలే.

బాలవ్వ పండుకున్న అర్ర కడిగి ఉన్నది. సాంబయ్య భార్య పోశవ్వ గడపల కూసోని పసిపిల్లకు పాలిస్తున్నది. ఆమెకు గూడ చంటిపిల్లగాడున్నడు, ఇద్దరికి పాలు సరిపెడుతున్నది. జరిగిన సంగతంత ఆమెనే చెప్పింది, తల లేపకుండ.

తారిచ్చి చెన్నూరుకెల్లి తిరిగొచ్చిననాడే సాంబయ్య అక్కతోటి అన్నడట, బావ బయలెల్లిండు అని. బాలవ్వ కండ్లు తెరిచి, "మూడు గంటలే గద," అన్నదట. ఆ జరంలనే తల దువ్వించుకున్నది. పక్కబట్టలు మార్పిచ్చుకున్నది. తలుపుకు ఎదురుంగ పండవెట్టుమన్నది. మాపటికి అడిగింది, వచ్చిండా అని. తెల్లారి అడిగింది. వాన అన్నరు, వాగన్నరు. వాగు మనకు, ఇమానానికి వాగేందన్నది.

"బేస్తారంనాడు," అని పోశవ్వ ఆగింది. పిల్లను ఇంకో రొమ్ముకు మార్చింది. "బేస్తారంనాడు అన్నది, 'ఇమానం ఎన్నడో దిగి ఉంటది. దిగినంక ఏడికి పోయిండు పోశీ? ఇంకెవరన్న ఉన్నరా ఆయనకు?' అని. ఇగ గప్పటికెల్లి నిన్ను అడుగలే."

దశరథం గోడకు ఆనుకొని కూసున్నడు.

"మంగళవారంనాడు నేను వాగుకాడికి వచ్చిన్నని చెప్పలేదా?"

"చెప్పిండు. మీ బామ్మర్ది ఎగపోసుకుంట ఉరికొచ్చి చెప్పిండు, అక్కా, బావ వాగు ఒడ్డుకు వచ్చిండు, నేను కండ్లార చూసిన అని. 'ఎన్నిసార్లు చెప్తవురా' అన్నది. గోడ దిక్కు మర్రింది."

ఆమె మల్ల ఇటు తిరగలేదట.

సాంబయ్య మాపటికి వచ్చిండు. ఇద్దరు ఆకిట్ల ఎదురెదురుగ నిలబడ్డరు.

"నేను బయలెల్లిన్నని నీకు ఎవరు చెప్పిన్రురా?" అన్నడు దశరథం.

"ఎవరు జెప్తరు? తారు ముట్టినంక ఎవడన్న ఆగుతడా అనుకున్న."

"నాలుగు రోజులు నన్ను ఇడువలే. ఆ సంగతి దానికి తెల్వకపాయె. వచ్చుకుంట వచ్చుకుంట యాడనో ఆగిపోయిన్ననుకొని పోయింది."

"మరేం జెప్పాలె బావా?" సాంబయ్య గొంతు బొంగురుపోయి ఉన్నది. వాగుకాడ పది రోజులు అరిచిన గొంతు. "దవఖాన లేకపాయె. మందు లేకపాయె. దానికి ఇయ్యనీకి నా దగ్గర గా ఒక్క మాట తప్ప ఏమున్నది?"

సాంబయ్య అబద్ధం అక్కకు ధైర్యం చెప్పనీకి ఆడింది. దశరథం అబద్ధం సెలవు కోసం ఆడింది. రెండు కలిసి ఆ మనిషిని నడుమ పెట్టి నలిపినయి. ఆనాటిసంది బావ బామ్మర్దులు అవసరం ఉంటె తప్ప మాట్లాడుకోలే.

మేనేజరు ఇరవై రోజులే సెలవిచ్చిండు. గడువు దగ్గరికొచ్చినంక దశరథం సంచి సదురుకొని మంచిర్యాల టేషన్ దాక పోయిండు. బండి వచ్చింది. ఎక్కలే. బండి పోయినంక కూడ బెంచి మీదనే కూసోని, పొద్దుగూకంగ బస్సెక్కి తిరిగొచ్చిండు. కొమురెల్లి రెండు ఉత్తరాలు రాసిండు, మేనేజరు నీ జాగల ఇంకొకన్ని పెట్టలే, వస్తె తీసుకుంటడట అని. దశరథం జవాబు రాయించలే.

ఆ చలికాలం మంచిర్యాల పక్క నస్పూర్‌ల ఒక కాంట్రాక్టరు కింద తాపీ పనికి కుదిరిండు. బొగ్గుబాయి కార్మికులకు క్వార్టర్లు కడుతున్నరప్పుడు. ఆడనే ఒక రేకుల గదిల ఉండేది. పిల్లను పోశవ్వ సాదింది. పేరు గూడ ఆమెనే పెట్టింది, రాజమణి అని. దశరథం పనికి సెలవుండే ఐతారం ఐతారం వచ్చేది. మొదాలు పిల్లను ఎత్తుకోవాల్నని చూసిండు. ఎత్తుకుంటె ఏడ్చేది. ఏడిస్తె పోశవ్వకు ఇచ్చేది. మెల్లమెల్లగ ఎత్తుకునుడు మానేసిండు. బుచ్చవ్వ ఏడాది రెండేడాదులు కొడుకును మళ్ల పెండ్లి చేసుకొమ్మని అడిగి అడిగి, ఒకనాడు తనే పోయింది. ఆ కబురు నస్పూర్‌కు మనిషి వచ్చి చెప్తె, దశరథం చెప్పినాయన మొఖం దిక్కు చూసిండు. "నిజమేనా?" అని అడిగిండు. ఆయనకు ఆ ప్రశ్న ఎందుకో సమజు గాలే.

రాజమణికి నాలుగేండ్లు నిండినయి. ఒక ఐతారం దశరథం మంచిర్యాలల ఎర్ర రంగు చెప్పుల జత కొనుక్కొని వచ్చిండు. సాంబయ్య ఇంటి అరుగు మీద కూసోని, "రా బిడ్డా," అని పిలిచిండు. పిల్ల సాంబయ్య కాళ్ల ఎనుకకు పోయి ధోవతి పట్టుకున్నది.

"బాపూ, గాయనను పొమ్మను," అన్నది సాంబయ్యతోటి.

సాంబయ్య మొఖం నల్లబడ్డది. "తప్పు. గాయననే మీ బాపు. పో, చెప్పులు తొడుగుతడు."

"కాదు. గాయన నస్పూరాయన."

"అననియ్యి," అన్నడు దశరథం.

పోశవ్వ చెప్పులు అందుకొని పిల్ల కాలికి పట్టి చూసింది. రెండు వేళ్ల మందం చిన్నగున్నయి. మడమ బయటికే ఉండిపోయింది. "పిల్ల ఎదిగింది గద బావా," అన్నది, తప్పు తనదే అయినట్టు.

"మార్చుకొస్త. కాలు కొలత తీసుకోవాలె."

దశరథం జేబులకెల్లి దారం తీసి, అరుగు దిగి, పిల్ల ముంగట మోకాళ్ల మీద కూసున్నడు. రాజమణి కాలు ఎనుకకు తీసుకున్నది. ఇంకో కాలు పట్టబోతె అదీ తీసుకున్నది. దారం చేతుల పట్టుకొని అట్లనే కూసున్నడు. మాపటి బస్సు యాళ్ల అవుతున్నదని లేచి, చిన్న చెప్పులను మళ్ల కాయితంల చుట్టి సంచిల పెట్టుకున్నడు.